అమ్మ గొంతు, అత్త కిడ్నీ

అమ్మ వాక్యం మధ్యలో ఊపిరి తీసుకుంది.

రేడియో వింటున్నవాళ్ళెవరూ గమనించి ఉండరు. నేను గమనించాను. అప్పట్లో నేను కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేసేదాన్ని. నా మిషను పక్కన అరలో రేడియో ఎప్పుడూ మోగుతూ ఉండేది. పొద్దుటి కార్యక్రమం అమ్మది. ఊళ్ళో సగం ఇళ్ళు ఆ గొంతు విన్నాకే మంచం దిగేవి. టైమెంతయిందో, వాన పడుతుందో లేదో, ఏ వంతెన మూసేశారో, ఎవరింటి కుక్క తప్పిపోయిందో అన్నీ అమ్మే చెప్పాలి. మధ్యమధ్యలో పాటలు, ఫోన్లు, ఫోన్లలో గిల్లికజ్జాలు. నిజానికి ఆవిడ స్టేషన్‌లో చేరింది టైపిస్టుగా. ఒకరోజు అనౌన్సరు జ్వరంతో రాలేకపోతే, "వార్తలు టైపు చేసింది నువ్వేగా, నువ్వే చదివెయ్" అని లోపలికి తోశారట. ఆ పూట పట్టుకున్న మైకు మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు. కొత్తగా చేరినవాళ్ళకి అమ్మ నేర్పే మొదటి పాఠం ఒకటే: "ఊపిరి వాక్యం చివర తీసుకోండి. మధ్యలో తీసుకుంటే మన ఆయాసం వినేవాళ్ళకి అంటుకుంటుంది."

అలాంటి మనిషి ఆ పొద్దున, "సాయంత్రానికి తొలకరి జల్లులు" అని ఆగింది. గాలి పీల్చుకుంది. "పడే అవకాశం ఉంది" అంది.

నేను మిషను ఆపేశాను.

ఇంటికెళ్ళేసరికి అమ్మ గడప దగ్గర కూర్చుని చెప్పులు విప్పుకోలేక అవస్థ పడుతోంది. పాదాలు పొంగి, పట్టీలు చర్మంలోకి దిగిపోయాయి. "ఎండకి వాచాయిలే" అంది. వేలితో నొక్కాను. గుంట పడింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది. నాన్న రిటైరైన డ్రాయింగు మాస్టారు. గట్టిగా మాట్లాడి ఎరుగడు. మా ఇంట్లో మాటలన్నీ అమ్మ వంతు. ఆయన ఆ గుంట వంక కాసేపు చూసి, "పదండి ఆస్పత్రికి" అన్నాడు. ఎదురు చెప్పడానికి వీల్లేని మాట ఆయన నోట వినడం నాకదే మొదలు.

డాక్టరు కుర్రవాడు. పరీక్షల కాగితాలు తిరగేసి, అమ్మ ముఖంలోకి కాకుండా బల్ల వంక చూస్తూ చెప్పాడు. ఏళ్ళ తరబడి పట్టించుకోని రక్తపోటు లోపల్లోపల తినేసిందట. రెండు కిడ్నీలూ దాదాపు అయిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకోవాలి. ఎవరైనా కిడ్నీ ఇస్తే మార్పిడి.

అమ్మ అంతా విని అడిగిన మొదటి ప్రశ్న, "నేను మాట్లాడొచ్చా?"

"అంటే?"

"రోజూ పొద్దున్నే మాట్లాడాలి నేను. మైకు ముందు. కుదురుతుందా?"

డాక్టరు అప్పుడు తలెత్తాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "మీరా! మా అమ్మ మీ టైము వినే నన్ను స్కూలుకి లేపేదండీ."

"మంచిదే. బాగా చదువుకున్నారన్నమాట," అంది అమ్మ. "మరి నా సంగతి చెప్పండి."

పొద్దున్న స్టూడియో, మధ్యాహ్నం డయాలిసిస్. అలా కుదుర్చుకుంది అమ్మ. డాక్టరు వద్దనే అన్నాడు. అన్నాక, ఏ పూటల్లో మంచం ఖాళీ ఉంటుందో ఆయనే నర్సుని అడిగి కనుక్కున్నాడు.

అన్నిటికంటే కష్టం నీళ్ళు. రోజు మొత్తానికి ఒక చిన్న సీసాడు కంటే ఎక్కువ తాగకూడదు. గొంతుతో బతికే మనిషికి గొంతు తడుపుకునే దారి లేదు. అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. ఐసుముక్కని చెంపలో పెట్టుకుని, పాట అవుతున్నంతసేపూ కరగనిచ్చి, మైకు తెరిచారని చెప్పే ఎర్ర దీపం వెలిగే లోపు మింగేసేది. అద్దానికి అవతల కూర్చునే సౌండు ఇంజనీరుని అందరూ చెవులాయన అంటారు. చీమ నడిచినా వింటాడని పేరు. ఆయన ఒకరోజు మైకులో "టక్" అని ఐసు పలకడం విని, "ఏమిటమ్మా, పళ్ళు ఊడుతున్నాయా?" అన్నాడు. అమ్మ నవ్వింది కానీ చెప్పలేదు. స్టేషన్‌లో ఒక్క డైరెక్టరుగారికే తెలుసు. ఎవరికీ చెప్పొద్దని అమ్మ షరతు.

"ఎందుకమ్మా దాచడం? తప్పు చేశామా?" అని అడిగాను.

"రేడియోలో నాకు ఒళ్ళు లేదే. గొంతొక్కటే ఉంది. దానికి జబ్బు చెయ్యలేదుగా."

డయాలిసిస్ వార్డులో అమ్మ రోగిలా ఉండేది కాదు, తనిఖీకి వచ్చిన అధికారిలా ఉండేది. నర్సు ఏదో మందు పేరు తప్పు పలికితే ముక్క ముక్కగా విడగొట్టి చెప్పించేది. సూదులు గుచ్చడానికి చేతి మీద రక్తనాళాలు కలిపి కుట్టినచోట చెవి పెడితే హోరు వినిపించేది. "విను, స్టేషన్ తగలని రేడియోలా ఉంది" అని నాకు మురిపెంగా వినిపించింది. పక్క మంచం మీద ఒక దర్జీ ఉండేవాడు. ఆయన కళ్ళు మూసుకుని, "మిమ్మల్ని చూళ్ళేదు గానీ మీరు నాకు బాగా తెలుసండీ," అన్నాడు. అమ్మ పెదాల మీద వేలు పెట్టుకుంది. కళ్ళు మూసుకున్న మనిషికి వేలెలా కనబడుతుంది? అది తట్టి తనే నవ్వేసి, "తెలిస్తే తెలిసింది, చాటింపు వెయ్యకండి. అది నా ఉద్యోగం," అంది.

ఇక్కడ మా అత్త సంగతి చెప్పాలి. నాన్నకి చెల్లెలు. యాభై దగ్గరపడుతున్నా మా ఇంట్లో అందరికీ చిన్నమ్మాయే. సిటీ బస్సు నడుపుతుంది. పెళ్ళి మాటెత్తితే, "తిప్పుకోవడానికి నాకు స్టీరింగు ఉంది చాలు" అనేది. డిపో పక్కన ఒంటరి గదిలో ఉండేది. అమ్మకీ ఆవిడకీ ఉప్పూ నిప్పూ కాదు గానీ, ఇద్దరూ ఒక గదిలో ఉంటే మూడోవాళ్ళు మాట్లాడే అవకాశం ఉండేది కాదు. "మా అన్నయ్య మూగవాడు కాదు, నువ్వొచ్చాక అయ్యాడు" అని ఈవిడ. "మీ అన్నయ్యకి మాటలుంటే నన్నెందుకు చేసుకుంటాడు?" అని ఆవిడ.

వానలు ముదిరాక ఒకరోజు కుండపోత మొదలైంది. తెల్లారేసరికి పల్లపు వీధులన్నీ నీళ్ళు. అమ్మ ఎలాగో స్టేషన్‌కి చేరింది. తర్వాతి పూట అనౌన్సర్లు ఎవరూ రాలేకపోయారు. అమ్మ మైకు దిగలేదు. ఫోన్లు ఆగకుండా వస్తున్నాయి. ఏ వీధిలో నీళ్ళు మోకాలెత్తున్నాయి, ఏ బడి తలుపులు తెరిచి జనాన్ని ఉంచుకుంటోంది, ఏ ముసలావిడకి మందులు కావాలి, అవన్నీ ఒకరి దగ్గర విని ఊరందరికీ చెబుతోంది. ఎంత గాబరాగా ఫోన్ చేసినవాళ్ళయినా అమ్మతో రెండు మాటలు మాట్లాడాక నెమ్మదించేవారు. "ముందు మీరు ఎత్తు మీద కూర్చోండి. కూర్చున్నారా? ఇప్పుడు చెప్పండి." దుకాణం తెరవలేదు కాబట్టి నేను ఇంట్లో వింటూ కూర్చున్నాను. గర్వంగా ఉంది, భయంగా ఉంది. ఎందుకంటే ఆ మధ్యాహ్నం అమ్మ డయాలిసిస్ పూట.

నాన్న అత్తకి ఫోన్ చేశాడు. ఆవిడ ఆ వేళ వరద డ్యూటీలో ఉంది, ఎత్తు చక్రాల బస్సులో జనాన్ని తరలిస్తోంది. దారిలో నన్నెక్కించుకుని స్టేషన్ ముందు బస్సు ఆపింది. మోకాళ్ళదాకా తడిసిన ప్యాంటుతో, బూట్లు చప్ చప్ మంటుంటే, మెట్లెక్కి అద్దం అవతల నిలబడింది. లోపల అమ్మ ముఖం పాలిపోయి ఉబ్బి ఉంది. గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది. అత్త అలా చూస్తూ ఉండిపోయింది. ఆ గొంతూ ఆ ముఖమూ ఒకే మనిషివని నమ్మడానికి ఆవిడకి కాసేపు పట్టినట్టుంది.

తలుపు తీసి, "లే వదినా," అంది.

అమ్మ వేలెత్తి ఆగమంది. పాట మొదలయ్యాక, "వంతెన కబురు ఇంకా రాలేదు, అది చెప్పి వస్తాను," అంది.

అత్త తగవు పెట్టుకోలేదు. అమ్మ తల మీది హెడ్‌ఫోన్స్ రెండు చేతులతో మెల్లిగా తీసి, చెవులాయన చేతిలో పెట్టింది. "వంతెన దగ్గర నుంచే వచ్చాను. పైదాకా నీళ్ళు. మూసేశారని ఈయన చెబుతాడు. నువ్వు నడు."

చెవులాయన జీవితంలో మొదటిసారి మైకు ముందు కూర్చుని, "వంతెన... అదండీ... మూసేశారు" అన్నాడు. వెంటనే ఇంకో పాట వేసేశాడు.

బస్సులో అమ్మ ముందు సీట్లో కూర్చుని నోటితో గాలి పీలుస్తోంది. పడుకుంటే ఊపిరాడదు. అత్త అద్దంలోంచి వెనక్కి చూస్తూ, గుంటలు తప్పిస్తూ, నీళ్ళలో పడవలా నడిపింది బస్సుని. ఆస్పత్రిలో అమ్మని మిషనుకి తగిలించేదాకా అక్కడే నిలబడింది. గొట్టాల్లో రక్తం ఎర్రగా తిరగడం చూసింది. మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం అందరం భోజనాల దగ్గర ఉన్నాం. అప్పటికే నాన్నకి చక్కెర జబ్బు ఉందని, కిడ్నీ ఇవ్వడానికి పనికిరాడన్నారు. నేను ఇస్తానంటే అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది: "నిన్ను కన్నది విడిభాగాల కోసం కాదు." ఆ రోజు మళ్ళీ అదే ఎత్తాను. అమ్మ మళ్ళీ అదే అంది. నాన్న కంచంలో గీతలు గీస్తున్నాడు.

"నాది చూడమనండి," అంది అత్త, అన్నం కలుపుకుంటూ.

కంచంలో నాన్న వేలు ఆగిపోయింది.

"ఏం, నేను మనిషిని కానా? మా డిపో డాక్టరు ఏటా పరీక్ష చేసి, ఇంజను కొత్తదిలా ఉందంటాడు. రెండున్నాయట, ఒకటి చాలట. ఉంచుకుని ఏం చేసుకోను?"

"నీకూ నాకూ రక్త సంబంధం లేదుగా, చిన్నమ్మాయ్," అంది అమ్మ.

"రక్తం గ్రూపు కలిస్తే చాలట. కనుక్కున్నాను. నేనేం ఊరికే నోరు పారేసుకునే రకం కాదు, రేడియోలో పనిచెయ్యను."

అమ్మ నవ్వలేదు. "వద్దమ్మా. రేపు నీకేదైనా అయితే?"

"పెళ్ళయినప్పుడు నిక్షేపంలాంటి మా అన్నయ్యనే నీకిచ్చేశాం. ఒక కిడ్నీకి ఇంత ఆలోచనేంటి?" అని అత్త పెరుగు వడ్డించుకుంది.

పరీక్షల్లో అన్నీ కలిశాయి. డాక్టర్ల బృందం అత్తని విడిగా కూర్చోబెట్టి, ఎవరూ బలవంతపెట్టలేదు కదా అని అడిగితే, "నన్నా?" అందట. అందరూ సరేనన్నారు, అమ్మ తప్ప. ఏ విషయమైనా చటుక్కున తేల్చే మనిషి, రోజులు గడుస్తున్నా ఊ అనదు, ఊహూ అనదు. ఒకరోజు కార్యక్రమం అయ్యాక, "చిన్నమ్మాయి బస్సెక్కుదాం రా," అంది నాతో.

డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాం. ఇన్నేళ్ళలో అమ్మ ఆ బస్సెక్కడం అదే మొదలు. అత్త అద్దంలో మమ్మల్ని చూసి కనుబొమ్మ ఎత్తింది, అంతే. ఎవరో కర్ర పట్టుకున్న పెద్దాయన ఎక్కితే, ఆయన కూర్చున్నాకే కదిలించింది. అడ్డంగా దూరిన మోటారు సైకిలువాణ్ణి కిటికీలోంచి వాడి వంశం గుర్తొచ్చేలా కేకలేసింది. చివరి స్టాపులో జనం దిగిపోయారు. అత్త సీటు వెనక్కి జరుపుకుని ఫ్లాస్కు తీసి, మూతలో టీ పోసి అమ్మకిచ్చింది. అమ్మ లెక్క చూసుకుని రెండు గుక్కలు తాగింది.

"నేను నీకేం చేశానని ఇస్తున్నావ్?" అని అడిగింది.

"ఏం చెయ్యలేదు."

"మరి?"

"మరేంటి వదినా? స్టాపులో మనిషి చెయ్యెత్తి నిలబడితే బస్సు ఆపుతాం. ఎందుకు ఆపావని ఎవరైనా అడుగుతారా?"

"నేను చెయ్యెత్తలేదు."

"ఎత్తవు. నీకు పొగరు. అందుకే నేను చూసుకుని ఆపాల్సి వచ్చింది."

అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. జల్లు మొదలైంది. అద్దం మీద వైపర్ ఒకసారి అటూ ఇటూ తిరిగింది.

"బస్సు నడపలేకపోతే?"

"మూడు నెలల్లో నడపొచ్చంటున్నారు. చూద్దాం." అత్త మూత తీసుకుని మిగిలిన టీ తాగేసింది. "టైమైంది. వెనక్కి టిక్కెట్లు తీసుకోండి. బంధువులని ఊరికే ఎక్కించుకుంటే నా ఉద్యోగం పోతుంది."

అమ్మ బ్యాగు తెరిచి రెండు టిక్కెట్లకి చిల్లర తీసింది. ఇంటికొచ్చాక నాన్నతో, "ఆపరేషన్ తేదీ అడగండి," అంది.

సెలవు మీద వెళ్ళే ముందురోజు డైరెక్టరుగారు, "వ్యక్తిగత కారణాలు అని చెబుదామా?" అన్నారట. అమ్మ "అలాగే" అనేసి మైకు ముందు కూర్చుంది. నేను దుకాణంలో వింటున్నాను. చివరి పాట ముందు, వాతావరణం చెప్పిన గొంతుతోనే చెప్పింది.

"రేపటి నుంచి కొన్నాళ్ళు నేను రాను. నా కిడ్నీలు పనిచెయ్యడం లేదు. మా ఆడపడుచు తనది ఒకటి ఇస్తోంది. నేను రక్తపోటు చూపించుకోకుండా ఏళ్ళు గడిపేశాను, టైము లేదని. మీకు టైము చెప్పేదాన్ని, నాకు లేదట. మీరలా చెయ్యకండి. ఈ వారంలోనే చూపించుకోండి. నొప్పి ఉండదు, కాసేపు చెయ్యి చాపితే చాలు. ఇప్పుడు పాట."

పాట రాలేదు. రేడియోలో ఏ శబ్దమూ లేదు. రేడియోవాళ్ళకి అంతకంటే పెద్ద తప్పు ఉండదు. తర్వాత తెలిసింది, చెవులాయన మీట మీద చెయ్యి పెట్టి అమ్మనే చూస్తూ ఉండిపోయాడట. అమ్మ అద్దం మీద గోటితో కొట్టాక పాట మొదలైంది. మా దుకాణం యజమాని కొలత తీసుకుంటున్న మనిషిని అలాగే వదిలేసి, "రక్తపోటు ఎక్కడ చూస్తారు?" అని నన్నడిగాడు.

ఆపరేషన్ రోజు నాన్నా నేనూ బల్ల మీద కూర్చున్నాం. పక్కపక్క థియేటర్లు. నాన్నకి ఒక తలుపు వెనక భార్య, ఇంకో తలుపు వెనక చెల్లెలు. ఆయన ఎటు చూడాలో తెలియక మధ్యలో గోడని చూస్తూ కూర్చున్నాడు. ఎప్పటికో పెద్ద సర్జను మాస్కు కిందికి లాగుతూ వచ్చాడు. "ఇద్దరూ బాగున్నారు. కిడ్నీ కలపగానే ఆపరేషన్ బల్ల మీదే మూత్రం వచ్చింది."

మా నాన్న, జీవితంలో కేక వెయ్యని మనిషి, ఫోన్ తీసి ఎవరికి కలిసిందో కూడా చూసుకోకుండా, "వచ్చింది! మూత్రం వచ్చింది!" అని వరండా అంతా మోగేలా అరిచాడు. అవతల ఫోనెత్తింది డైరెక్టరుగారు. అప్పుడే మొదలైన మీటింగులో అందరికీ వినిపించిందట. అందరూ చప్పట్లు కొట్టారట.

కొత్త కిడ్నీ బుద్ధిగా పనిచేసింది. నీళ్ళు తాగమన్నారు, ఎన్ని కావాలంటే అన్ని. అమ్మ మొదటి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఆపకుండా తాగి, ఖాళీ గ్లాసులోకి చూసి ఏడ్చింది. ఏడుపుకి శబ్దం లేదు. ఆ శబ్దం లేకపోవడమే తర్వాత మాకు పట్టుకున్న భయం.

గొంతు రాలేదు. మత్తు ఇచ్చేటప్పుడు వేసే గొట్టంవల్ల ఒక్కోసారి ఇలా అవుతుందని, స్వరతంత్రి మీద చిన్న పుండులా ఉందని గొంతు డాక్టరు చెప్పాడు. కొన్నాళ్ళు పూర్తిగా మౌనం. గుసగుస కూడా వద్దు, అది ఇంకా చెరుపు. తర్వాత రోజుకి కాస్త కాస్త మాట్లాడాలి. మునుపటిలా వస్తుందా అని నాన్న అడిగితే, "మాట వస్తుంది," అన్నాడు. మునుపటిలా అనలేదు.

ఇద్దరినీ ఇంటికి తెచ్చాం. నా గది అత్తకిచ్చాను. అమ్మ మాస్కు కట్టుకుని తన గదిలో. ఇన్‌ఫెక్షన్ సోకుతుందని చుట్టాలు రాకూడదు, పూలు తేకూడదు. మా ఇంట్లో ఎన్నడూ లేని నిశ్శబ్దం. అమ్మ ఏదైనా కావాలంటే చెంచాతో గ్లాసు మీద కొట్టేది. కోపమొస్తే గట్టిగా కొట్టేది. ఒకరోజు నేను కొత్త అనౌన్సరు కార్యక్రమం పెడితే విన్నది. చివరిదాకా విని, బాగుంది అన్నట్టు తలూపి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ వీపు చూస్తే, అన్నీ కోల్పోయినా ఏదీ అడగని మనిషిలా ఉంది.

అనుకున్నదానికంటే అత్తే ఎక్కువ కష్టపడింది. ఇచ్చినవాళ్ళకి నొప్పి ఎక్కువని డాక్టరు ముందే అన్నాడు. "ఇదేం న్యాయమే కోడలా? పుచ్చుకున్నావిడ చెంబులకి చెంబులు తాగుతోంది, ఇచ్చినదాన్ని నేను మూలుగుతున్నాను" అని నవ్వించేది. కొన్నాళ్ళకి అదీ మానేసింది. కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద పోయే బస్సులు చూసేది. ఒక సాయంత్రం, "క్లచ్ తొక్కితే కుట్లు పట్టేస్తాయేమోనే," అంది నెమ్మదిగా. అమ్మ తలుపు దగ్గర నిలబడి వింది.

డాక్టరు అమ్మని మాట్లాడమన్న మొదటి రోజు. పొద్దున్నే కాసేపు, అంతకంటే వద్దన్నాడు. ఎవరితో మాట్లాడుతుందా అని నాన్నా నేనూ ఎదురు చూస్తున్నాం. నాన్న గెడ్డం కూడా గీసుకున్నాడు. అమ్మ మా ఇద్దరినీ దాటుకుని వెళ్ళి, అత్త గది గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది.

"శుభోదయం," అంది.

చిరిగిన కాగితంలా ఉంది గొంతు. మొదటి అక్షరం పలికింది, మిగతావి గాలిగా పోయాయి. అమ్మ ఆగింది. మళ్ళీ మొదలెట్టింది.

"సమయం ఏడు దాటింది. బయట మబ్బుగా ఉంది. మా వీధిలోకి బస్సు ఇంతవరకూ రాలేదు. నడిపేవాళ్ళెవరో గానీ... బొత్తిగా చేతగాని మనిషి."

అత్త ఒక్క క్షణం నోరు తెరిచి చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని, "నవ్వించకు వదినా, కుట్లు! కుట్లు!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది.

అప్పటినుంచి రోజూ అదే. వినేది ఒక్కరే, కార్యక్రమం మాత్రం తప్పేది కాదు. అమ్మ రాత్రి భోజనం అయ్యాక రేపేం చెప్పాలో ఆలోచించి పెట్టుకునేది. ఏ రోడ్డు తవ్వారో, ఏ రూటులో కొత్త బస్సు వేశారో నా చేత కనుక్కుని రప్పించేది. అత్త మొహమాటపడే శ్రోత కాదు. ఒకరోజు, "నువ్వు బాగానే చెబుతావు గానీ వదినా, ఒక చిన్న సంగతికి మూడు మలుపులు తిప్పుతావు. వాన పడుతుంది అని చెప్పక, ఆ మేఘమాలలెందుకు?" అంది.

ఇన్నేళ్ళలో అమ్మకి ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. అమ్మ ముఖం ముడుచుకుని లేచి వెళ్ళిపోయింది. నాన్న నా వంక చూసి, అయిపోయింది అన్నట్టు చేతులెత్తాడు. మర్నాడు పొద్దున అమ్మ స్టూలు మీద కూర్చుని, "వాన పడుతుంది," అంది. ఆగి అత్త వంక చూసింది.

"అలా!" అంది అత్త.

రోజుకి ఒక వాక్యం పెరిగింది. గొంతు చిక్కబడింది. కింది స్థాయిలో నిలబడింది, పైకి వెళ్ళబోతే ఇసుక రాలినట్టు గరగరలాడేది. అమ్మ పైకి వెళ్ళడం మానేసింది. ఉన్నంతలో ఎలా మాట్లాడాలో కొత్తగా నేర్చుకుంది, పాతికేళ్ళ అనుభవం పక్కన పెట్టి. నేను చిన్నప్పటినుంచీ ఆవిడ గొంతు చూసి గర్వపడ్డాను. ఆ గొంతు వెనక ఎంత మొండిగా పనిచేసే మనిషి ఉందో చూసింది మాత్రం ఆ రోజుల్లోనే. అత్త కూడా లేచి తిరగడం మొదలెట్టింది. వంటింటి పీట మీద కూర్చుని ఎడమకాలితో లేని క్లచ్‌ని తొక్కుతూ కూరలు తరిగేది.

అమ్మ తిరిగి స్టేషన్‌కి వెళ్ళింది వానాకాలం చివర్లో. స్టూడియో అంతా తుడిపించి, లోపలికి ఎవరూ రాకుండా కట్టడి చేశారు. చెవులాయన కూడా మాస్కు కట్టుకుని అద్దం అవతలే. ఆ పొద్దున నేను దుకాణానికి ఆలస్యంగా వస్తానని చెప్పి ఇంట్లోనే ఉన్నాను. నాన్న రేడియోని బల్ల మధ్యకి జరిపాడు. అత్త మునుపెన్నడూ ఈ కార్యక్రమం విన్న పాపాన పోలేదు, పొద్దుటి డ్యూటీ ఆవిడది. ఇప్పుడు అందరికంటే ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"శుభోదయం. సమయం ఆరున్నర," అంది అమ్మ.

నాన్న కళ్ళు మూసుకున్నాడు. అది మేం ఎరిగిన గొంతు కాదు. అడుగున గరుకు ఉంది, నెమ్మది ఉంది. తను ఎక్కడికి వెళ్ళిందో, ఎందుకు వచ్చిందో చెప్పలేదు. పాట వేసింది, రోడ్ల సంగతి చెప్పింది, మొదటి ఫోను తీసుకుంది.

అవతల ఒక ముసలాయన. "అమ్మా, మీరు కొత్తావిడా?"

అమ్మ ఏదో అనబోయింది. ఆయన ఆగలేదు. "మీరూ బాగానే మాట్లాడుతున్నారు, తప్పుగా అనుకోవద్దు. కానీ మాకు పాతావిడ అలవాటు. ఆవిడెప్పుడొస్తారు?"

అత్త చెయ్యి నాన్న మోచేతి మీద బిగుసుకుంది.

"నేనేనండీ," అంది అమ్మ.

"మీరేనా?"

"నేనే. గొంతు కొంచెం మారింది."

ముసలాయన ఆలోచిస్తున్నట్టున్నాడు. వెనక ఎక్కడో కుక్కర్ కూసింది. "ఒంట్లో బాగుందా తల్లీ ఇప్పుడు?"

"బాగుందండీ."

"అయితే సరే. మా ఆవిడ బట్టలుతికి కూర్చుంది. ఇవాళ వాన పడుతుందా?"

"పడుతుందండీ," అంది అమ్మ. "మధ్యాహ్నం లోపే. లోపల ఆరేసుకోమనండి."

నాన్న లేచి, డాబా మీద మా బట్టలు తియ్యడానికి వెళ్ళాడు.